కాళ్లు కడిగిన మట్టి

మా ఇంట్లో మొక్క లేని కుండీ ఒకటి ఉంది. అమ్మ రోజూ పొద్దున్నే దానికి నీళ్లు చిలకరిస్తుంది. గడ్డిపరక మొలిస్తే గోటితో పీకి పారేస్తుంది. రైల్వే వాళ్ల బతుకు తెలిసిందే, నాన్నకు ప్రమోషన్ వచ్చినప్పుడల్లా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే క్వార్టర్ మారేవాళ్లం. సామానంతా తోపుడు బండి మీద వెళ్లేది. కుండీ మాత్రం అమ్మ ఒళ్లో కూర్చుని రిక్షా ఎక్కేది. మొదట్లో అది నూనె డబ్బా అట. అది తుప్పుపట్టి పోయాక మట్టి కుండీలోకి మారింది. లోపలి మట్టి మాత్రం అదే. చిన్నప్పుడు ఒకసారి దాన్లో చిక్కుడు గింజ పాతిపెట్టాను. అమ్మ ఆ గింజని తవ్వి తీసి నా అరచేతిలో పెట్టింది.

నాకు ముందు ఒకడు పుట్టాడు. మూడేళ్లు నిండకుండానే జ్వరం వచ్చి పోయాడు. వాడు పోయిన రెండో ఏడు నేను పుట్టాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా మామ్మ నన్ను చేటలో వేసి, కాలనీ చివర పెంటకుప్ప మీద పెట్టించింది. పక్క క్వార్టర్ ఆవిడ నన్ను అక్కడినుంచి ఎత్తుకొచ్చి మా అమ్మకు అమ్మినట్టు నటించింది. బిడ్డ పోయిన ఇంట్లో పుట్టిన బిడ్డ నిలవాలంటే అలా చెయ్యాలట, చావుకి అది ఎవరి బిడ్డో తెలియకుండా. ఇంట్లో నన్ను పిలిచే పేరు కూడా ఆ కుప్ప పేరే. అదేమిటో ఇక్కడ రాయను, అమ్మ నోట్లో తప్ప బయట అది బాగుండదు.

వాడి ఫోటో లేదు. అప్పట్లో స్టూడియోకి వెళితే తప్ప ఫోటో ఎక్కడిది? వాడి చొక్కా ఒకటి నేను వేసుకున్నాను, చిరిగేదాకా. ఎవరైనా "ఎంతమంది పిల్లలు?" అని అడిగితే అమ్మ ఇద్దరని చెప్పేది, రెండోవాళ్లు ఎక్కడని వాళ్లు అడగకముందే మాట మార్చేది. నేను అన్నం తింటుంటే కొన్నిసార్లు నా పక్కకు చూసేది. చిన్నప్పుడు అది నాకు చాలా కోపం తెప్పించేది. నేనుండగా ఖాళీ జాగాని చూడటం ఏమిటని. పెద్దయ్యాక కోపం పోయి భయం వచ్చింది. నేనూ అటు చూడటం మొదలుపెట్టాను.

ఇక నా పని. బిలాస్‌పూర్‌లోనే ఒక ల్యాబ్‌లో మట్టి బ్యాక్టీరియా మీద పనిచేస్తాను. పదేళ్లుగా నేను వెంటపడుతున్నవి స్ట్రెప్టోమైసిస్ అనేవి. మనం మింగే యాంటీబయోటిక్‌లలో చాలా వాటిని మొదట తయారుచేసింది ఈ జాతే, మట్టిలో కూర్చుని, మన ప్రమేయం ఏమీ లేకుండా. మట్టిని ఆరబెట్టి, కాస్త వేడి చేసి, నీళ్లలో కలిపి ప్లేటు మీద పూస్తే కొన్నాళ్లకు సున్నం రాల్చినట్టు తెల్లగా, బూడిదగా చుక్కలు లేస్తాయి. అవే. ప్లేటు మూత తీస్తే తొలకరి వాసన కొడుతుంది. కవులు మట్టి వాసన అని పొంగిపోయేది ఈ బ్యాక్టీరియా వాసనకే. ఆ సంగతి ఎవరికి చెప్పినా కాస్త చిన్నబుచ్చుకుంటారు, నాకది సరదా.

అమ్మకు చెప్పినప్పుడు మాత్రం సరదా కాలేదు. తొలకరి పడితే మా ఇంట్లో తలుపులూ కిటికీలూ మూసేస్తుంది అమ్మ. ఊరంతా గుమ్మాల్లో నిలబడి ఊపిరి పీల్చుకుంటుంటే మేం లోపల ఉక్కపోతలో కూర్చునేవాళ్లం. ల్యాబ్ నుంచి వచ్చి నేను గుమ్మంలో నిలబడితే అంది, "ఆ వోసన కట్టుకొచ్చీసినావా? తానం సేసి రా, మాటాడతాను." స్నానం చేసి వచ్చాక కూడా మాట్లాడలేదు.

నాన్న లోకో షెడ్‌లో ఫిట్టర్. రిటైరయ్యాక ఊళ్లోనే తెలిపారా అనే పేటలో అద్దెకు దిగాం, ఇప్పటికీ అక్కడే. ఆయన ఆఖరి మంచంలో ఉండగా అమ్మ ఒక్కటే అడిగింది, గుంటణ్ని ఎక్కడ పెట్టారని. గుంటడంటే మా వైపు పిల్లాడు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. చిన్నపిల్లల్ని మావాళ్లు దహనం చెయ్యరు, పూడ్చిపెడతారు. ఆడవాళ్లు వెంట వెళ్లకూడదు, కన్నతల్లి అసలే వెళ్లకూడదు. చోటు కూడా ఆవిడకు చెప్పరు. చెబితే అక్కడే పడి ఉంటుందని, తర్వాతి కాన్పు నిలవదని. నేను నిలిచి, పెరిగి, జుట్టు నెరిశాక కూడా నాన్న ఆ కట్టుబాటు తప్పలేదు. ఆయన మంచివాడే. అయినా ఆ మౌనానికి నేను ఆయన్ని క్షమించలేదు. వాణ్ని పూడ్చడానికి నాన్న వెంట వెళ్లిన మిగతా ముగ్గురూ అప్పటికే లేరు.

నాన్న పోయాక అమ్మ కుండీ సంగతి చెప్పింది. మధ్యాహ్నం, చింతపండు గింజలు తీస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

"ఆ పొద్దు ఆళ్లు ఎల్లగానే వోన మొదలెట్టినాది. మీ నాన్నా ఆళ్లూ మోకాళ్లదాకా బురదతో తిరిగొచ్చినారు. పెరట్లో కొళాయి కాడ కాళ్లు కడుక్కుని గాని లోపలికి రాకూడదు గదా. కడుక్కున్నారు. సిమెంటు పగుళ్లల్లో బురద నిలిసిపోయింది. ఎవులూ సూడకుండా దోసిట్లో ఎత్తీసినాను. ఆడి మీద కప్పిన మట్టే గదా అని."

చావు ఇంటి మైల మట్టి, గడప దాటకూడదనే కాళ్లు కడిగిస్తారు. ఆ మట్టిని ఆవిడ నూనె డబ్బాలో పోసి, దేవుడి గది ఉన్న ప్రతి క్వార్టర్‌లోకీ మోసుకొచ్చింది. మామ్మకు తెలిసుంటే కొంప మునిగేది.

తర్వాత అమ్మ అడగాల్సింది అడిగింది. ఆ మధ్య అర్పా నది ఒడ్డున, మావాళ్లు చిన్నపిల్లల్ని పూడ్చే వైపున, రోడ్డు వేస్తామని చదును చెయ్యడం మొదలుపెట్టారు. ఇద్దరం ఆటోలో వంతెన మీదుగా వెళుతుంటే పొక్లెయిన్లు ఒడ్డుని తోడుతూ కనబడ్డాయి. అమ్మ ఆటో కడ్డీని పట్టుకున్న చెయ్యి ఇంటికి వచ్చేదాకా వదల్లేదు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అంది:

"ఏమే, నువ్వు మట్టిలో పురుగులకి సుట్టరికాలు కడతావు గదా. నా కుండీలో మట్టీ, నది మట్టీ పక్కపక్కన పెట్టి, ఇది ఫలానా కాడిదని సెప్పగలవేటి?"

"అలా చెప్పలేమమ్మా."

"అచ్ఛా. మరేటి నీ సదువు?"

ఆవిడ ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది. యంత్రాలు ఆ చోటికి చేరేలోగా ఒక్కసారి అక్కడ నిలబడాలన్నది ఆవిడ కోరిక. ఇంకేమీ లేదు. అంతకు మించి ఆవిడ నన్ను జీవితంలో ఏదీ అడగలేదు కూడా.

మర్నాడు మా మేడమ్‌తో చెప్పాను. ల్యాబ్‌కు పెద్ద ఆవిడ, రాయగఢ్ వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. నేను హిందీలో చెబుతుంటే టీ చల్లారబెట్టుకున్నారు. "తేలకపోవచ్చు," అన్నారు చివరికి. "ఒకే రకం బ్యాక్టీరియా ఒడ్డు పొడుగునా ఉండొచ్చు. నలభై ఏళ్లకు పైగా ఇంటి నీళ్లు తాగిన మట్టి అది. అయినా చూద్దాం." ఈ బ్యాక్టీరియాకు విత్తనాల్లాంటి సిద్ధబీజాలు మాత్రం మొండివి. ఎండినా, ఆకలేసినా ముడుచుకుని ఏళ్లకేళ్లు పడుకుంటాయి. కుండీలో తొలినాటి సంతతి ఉండే వీలుంది. అందుకే మేడమ్ చూద్దామన్నారు.

సెలవు రోజుల్లో అర్పా ఒడ్డుకు వెళ్లాను. రైల్వే కాలనీ నుంచి నడిచి వెళ్లగలిగిన మేరలో, పాత తెలుగువాళ్లు పిల్లల్ని పెట్టేవాళ్లని విన్న చోట్లన్నిటా గడ్డి చెక్కే ఖుర్పీతో కాస్త లోతుగా తవ్వి మట్టి సంచుల్లో నింపాను. చదును చేసిన మేర ఎర్రగా, బోసిగా ఉంది. మిగిలిన చోట తుమ్మ పొదలు. తవ్విన ప్రతిసారీ, ఏం తగులుతుందోనని కొంచెం కొంచెంగా మట్టి తీశాను. మట్టి తప్ప ఏదీ తగల్లేదు. గేదెల్ని తోలుకెళ్తున్న ఒకావిడ ఆగి, ఏం వెతుకుతున్నావని ఛత్తీస్‌గఢీలో అడిగింది. మందు అని చెప్పాను. అది అబద్ధమూ కాదు.

రెండు మట్టిలకు చుట్టరికం చూడాలంటే ఏ సంబంధమూ లేదనుకున్న మట్టి ఒకటి పక్కన పెట్టుకోవడం మా పనిలో పద్ధతి. లేకపోతే అన్నీ చుట్టాల్లాగే కనిపిస్తాయి. నేను ఊరికి దూరంగా ఉన్న మస్తూరీ వరిచేల మట్టి పెట్టాను. మేడమ్ సంచుల మీద రాతలు చదివి, "కొళాయి దగ్గర మట్టి ఏది?" అన్నారు.

"ఏ కొళాయి?"

"మీ నాన్నగారు కాళ్లు కడుక్కున్నది. అదీ తీసుకురా."

నాకు చురుక్కుమంది. అది నాకెందుకు తట్టలేదు? తట్టకూడదనే తట్టలేదేమో.

ఆ పాత క్వార్టర్ ఇంకా ఉంది. ఎప్పుడో పనికిరాదని తేల్చి గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేసి వదిలేశారు. తలుపులు ఎవరో పట్టుకుపోయారు. పట్టపగలే వెళ్లాను, అయినా గుమ్మంలో కాలు పెట్టడానికి చాలాసేపు పట్టింది. వంటింటి గోడకు పొగ మరక అలాగే ఉంది. పెరట్లో కొళాయి లేదు, గొట్టం మొండెం ఉంది. కింద సిమెంటు పలక మూడు ముక్కలై, పగుళ్లలో నల్లటి మట్టి. వంగి తవ్వుతుంటే నా పక్కన కూర్చున్నవారెవరో కాస్త అటు జరిగినట్టు అనిపించింది. నేను సైన్సు చదువుకున్నదాన్ని, దయ్యాల్ని నమ్మను. కాని నిజం చెప్పాలి, ఆ చోటు వదిలి మరో పక్క కూర్చున్నాను, వాడికి ఇరుకు కాకూడదని.

ఇక ల్యాబ్‌లో నెలల తరబడి పని. అన్ని మట్టిల నుంచీ స్ట్రెప్టోమైసిస్ లేచాయి. కుండీలోది బూడిద రంగులో, అంచులకు లేత పసుపుతో వచ్చింది. దాన్ని మామూలు రోగాల బ్యాక్టీరియా పూసిన ప్లేటు మీద పెడితే చుట్టూ గుండ్రంగా ఖాళీ జాగా ఏర్పడింది. అంటే చుట్టుపక్కల బ్యాక్టీరియాని చంపే మందు ఏదో తయారుచేస్తోంది. విద్యార్థులకు ఆ ఖాళీ వలయం చూపిస్తే చప్పట్లు కొడతారు. నేను ప్లేటు మూసి బయటికి వెళ్లాను. జ్వరంతో బిడ్డ పోయినవాళ్ల ఇంట్లో, ఆ బిడ్డ పేరుతో దాచిన మట్టిలో మందు ఉంది. ఆ మందు వాడికి పనికొచ్చేదా అంటే చెప్పలేను. ఆ జ్వరమేమిటో కూడా ఎవరికీ సరిగా తెలియదు. మట్టిలోని మందు మనిషి ఒంటికి పనికిరావాలంటే చాలా దూరం నడవాలి. అవన్నీ తెలిసే, ఆ రోజు మళ్లీ ల్యాబ్‌లోకి వెళ్లలేదు.

డీఎన్ఏ తీసి బయటి ఊరికి పంపాం. స్ట్రెప్టోమైసిస్ జీనోమ్ చిన్నదేమీ కాదు, ఎనభై లక్షల అక్షరాలు అటూ ఇటుగా. వాటిలో గుంపులు గుంపులుగా మందులు తయారుచేసే జన్యువులుంటాయి. చాలా గుంపులు అసలు పనిచెయ్యవు, పడుకునే ఉంటాయి. ఏం చేస్తే లేస్తాయో మాకింకా సరిగా తెలియదు. తమ మందుకి తామే చావకుండా కాపాడే జన్యువులు కూడా ఆ పక్కనే ఉంటాయి. ఒకదాని జన్యువులు ఇంకోదానిలోకి దాటుతుంటాయి కూడా, కాబట్టి మందు జన్యువులు కలిసినంత మాత్రాన ఒకే ఇంటివని చెప్పడానికి లేదు. మొత్తం జీనోమ్‌ని అక్షరం అక్షరం పోల్చాలి.

అమ్మ రోజూ అడిగేది కాదు. నేను చెప్పులు విప్పుతుంటే మొహం చూసేది, అంతే. ఈలోపు పొక్లెయిన్లు తుమ్మ పొదల దాకా వచ్చాయి.

ఫలితాలు వచ్చిన రోజు కంప్యూటర్ తెర మీద వంశవృక్షం గీసి చూశాను. మస్తూరీ మట్టిలోవి ఎక్కడో దూరపు కొమ్మ మీద ఉన్నాయి. నది ఒడ్డువి కొన్ని కుండీలోదానికి దగ్గరివే, ఒకే ఊరివాళ్లనుకోవచ్చు. కుండీలోదీ కొళాయి కిందదీ మాత్రం ఒకే ఇంటివి. ఎనభై లక్షల అక్షరాల్లో తేడాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అన్నేళ్లు వేరుగా బతికితే ఆ మాత్రం తేడా రాక తప్పదు. ఇంకోసారి, కుండీలోంచి మరికొన్ని చుక్కలు తీసి చూశాం. మళ్లీ అదే. ఒడ్డు మట్టి జాడ కుండీలో దొరకలేదు.

మేడమ్ నా వెనక నిలబడి చూశారు. "నది మట్టి రవ్వంత కూడా లేదని దీన్నిబట్టి చెప్పలేం," అన్నారు. "మనం ఏరినవాటిలో దొరకలేదంతే." ఆవిడ చెప్పింది నిజమే. కాని మా ఇద్దరికీ అర్థమైంది. వానలో తడిసి వచ్చిన కాళ్లు, ధారగా కొళాయి నీళ్లు. ఆ బురద మోరీలో కొట్టుకుపోయింది. పగుళ్లలో ఎప్పటినుంచో ఉన్న పెరటి మట్టి మెత్తబడి పైకి తేలింది. అమ్మ దోసిట్లోకి తీసుకున్నది దాన్ని. అన్నేళ్లు ఒళ్లో పెట్టుకుని మోసింది దాన్ని.

అబద్ధం చెప్పేద్దామనుకున్నాను. రెండ్రోజులు అదే ఆలోచన. ఒడ్డున ఇంకా మిగిలిన ఒక చోటు చూపించి ఇదేనంటే సరిపోతుంది. ఆవిడకి ఏ వంశవృక్షం అర్థమవుతుంది గనక? కాని ఆ ఒడ్డంతా పిల్లలే. నేను చూపించిన చోట ఆవిడ కూర్చుని ఏడిస్తే అది ఎవరి బిడ్డ మీదో అవుతుంది. మా వాడు ఇంకెక్కడో, పొక్లెయిన్ పళ్ల కింద, అమ్మ ఇటు రాలేదేమని చూస్తుంటాడు. ఇలా ఆలోచిస్తున్నది నేనేనా అని నాకే ఆశ్చర్యం వేసింది. అయినా ఆ ఆలోచన పోలేదు.

ఆదివారం పొద్దున్న అమ్మ కుండీ దగ్గర పీట వేసుకుని కూర్చుంది. నేను పక్కన కింద కూర్చుని చెప్పేశాను.

"అమ్మా, అది నది మట్టి కాదు. మన పాత క్వార్టర్ కొళాయి కింద మట్టే. నాన్న కాళ్ల బురద నీళ్లలో పోయింది."

చేతిలోని చెంబు కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అయితే ఆడెక్కడున్నాడో తెలీదన్నమాట."

"తెలీదు."

"ఇక తెలీదు."

"లేదమ్మా."

వీధిలో కూరగాయలవాడు కేక వేసుకుంటూ పోయాడు. అమ్మ కుండీని చూస్తూనే ఉంది. కుండీని విసిరేస్తుందేమో, విసిరేస్తే ఆపాలా వద్దా అని నేను ఆలోచిస్తున్నాను.

"కొళాయి కింద అంటే, గోడ మూలకా?"

"అవును, పగుళ్లలోది."

"అచ్ఛా." వేలితో కుండీ అంచు తడిమింది. "అక్కడే కూకునీవోడు. ఆ పగుళ్లలో ఏలు పెట్టి తవ్వుకుని మట్టి తినీవోడు. ఎంత సెప్పినా ఇనీవోడు కాదు. జొరం రాకముందు గూడా తింతంటే, నోట్లో ఏలెట్టి కక్కించి, ఈపు మీద ఒక్కటిచ్చినాను. ఎక్కిళ్లు పెట్టి ఏడిసినాడు. పెదాల సుట్టూ ఈ మట్టే."

ఈ సంగతి నాన్నకు కూడా చెప్పి ఉండదు. ఇన్నేళ్లలో మొదటిసారి వాడు నాకు కనిపించాడు, మూతికి మట్టితో.

అమ్మ కుండీలో వేలు పెట్టి చిటికెడు మట్టి తీసింది. అరచేతిలో వేసుకుని గడ్డివేరు ఏరి పక్కన పెట్టింది. తర్వాత ఆ మట్టిని నోట్లో వేసుకుంది.

మట్టి ముట్టుకున్న చెయ్యి నోటి దగ్గరికి తేవద్దని మా ల్యాబ్‌లో మొదటి రోజే నేర్పుతాం. నేను అమ్మ చెయ్యి పట్టుకోలేదు.